పేరు పెట్టి పిలవని చోటు

సోమక్క గులకరాయితో ఇనుప కమ్మీ మీద కొట్టి చెవి వంచి వింది. కాసేపటికి కింద నుంచి కర్రతో బండను తట్టిన చప్పుడు వచ్చింది. లోపల అందరూ బాగానే ఉన్నారు, పైకి పంపుతున్నానని దానర్థం. అప్పుడుగానీ ఆమె బిగబట్టిన ఊపిరి వదల్లేదు. రోజుకు ఎన్ని విడతల జనం దిగితే అన్నిసార్లు ఆమెకు ఈ గుండెదడ తప్పదు. ఉద్యోగం ఒకటే గానీ భయం మాత్రం విడతకొకటి.

హనుమకొండ నుంచి వచ్చే బస్సు దిగి, గుట్ట పక్కగా నడిచి వస్తే రేకుల పందిరి, దాని కింద నేలలో చదరంగా ఒక గొయ్యి. దిగడానికి ఇనుప మెట్లు, వాటి పక్కన పట్టుకోవడానికి కమ్మీ. అడుగున నిలువెత్తు రాతిపలకలను నాలుగు పక్కలా నిలబెట్టి, పైన ఇంకో పలక కప్పిన గది. మూడు వేల ఏళ్ళనాడు ఎవరో తమవాళ్ళ ఎముకలను కుండలతో, కొడవళ్ళతో సహా అందులో దాచుకున్నారట. బోర్డు మీద దానికి పెద్ద పేరే రాశారు. ఊళ్ళోవాళ్ళకు మాత్రం అది రాకాసిగూడు. మనుషుల ఊపిరి తగిలి ఎముకలు పొడి అయిపోతాయని నలుగురికి మించి లోపలికి పంపరు. ఆ నలుగురూ ఎక్కి వచ్చాకే మరో నలుగురు. పైన జనాన్ని ఆపడం సోమక్క పని. కింద లైటు పట్టుకుని, ఎవరూ కుండల మీద కాలు వేయకుండా చూడటం ఆమె భర్త రాజమల్లు పని.

రాజమల్లు కొత్తవాడలో జంపఖానాలు నేసినవాడు. గుంట మగ్గంలో కాళ్ళు వేలాడేసి కూర్చునీ కూర్చునీ నడుము ముందుకు వంగిపోయింది. మగ్గం మూలపడ్డాక ఎవరో పుణ్యాత్ముడు ఇద్దరికీ ఇక్కడ పని ఇప్పించాడు. గోతిలోకి దిగడమంటే ఆయనకు లెక్కే లేదు.

"సగం పెయ్యి ఎప్పటికి గుంటలనే ఉండె. ఇప్పుడు మొత్తం దిగిన, గంతే" అంటాడు, చుట్టపు చూపుగా వచ్చిన వాళ్ళతో.

సోమక్క ఇంతవరకూ ఒక్క మెట్టు కూడా దిగలేదు. ఆయన మగ్గానికి నూలు కండెలు చుట్టి చుట్టి కాయలు కాసిన బొటనవేలితో గులకరాయిని రాస్తూ, ఎండిపోయిన పెదవులు తడుపుకుంటూ, గట్టున మడత కుర్చీలోనే కూర్చుంటుంది. నోటితో పిలవకుండా రాయితో ఎందుకు కొడుతుందంటే, దానికీ ఆమె దగ్గర కారణముంది. శ్మశానానికి పోయే దారిలో పాడెను ఒకసారి కిందికి దించి, పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే పలుకుతారేమోనని ఆశ. దింపుడు కల్లం అంటారు దాన్ని. చచ్చినవాళ్ళున్న చోట బతికున్న మనిషిని పేరుతో పిలిస్తే ఆ పిలుపే అవుతుందని సోమక్క తల్లి చెప్పేది. అదీగాక మొగుడి పేరు సోమక్క ఏనాడూ నోటితో అన్నది లేదు. రేషన్ షాపులో అడిగితే పక్కామె చేత చెప్పించి, తాను చెంగు అడ్డం పెట్టుకునేది.

ఆ రోజు ఆఖరి విడతకు ఇద్దరే వచ్చారు. హనుమకొండ కాలేజీలో పాఠాలు చెప్పే కృష్ణమోహన్, ఆయన కూతురు మహిత. పిల్ల చకచకా మెట్లు దిగుతుంటే తండ్రికి కంగారు పుట్టి, గొయ్యి అంచున వంగి కేకేశాడు.

"మహితా! మహితా, మెల్లగా దిగు!"

సోమక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. "సారూ, జర పేరు పెట్టి పిలువకుర్రి. గీడ మంచిది కాదు."

"ఏం కాదమ్మా. మరి నువ్వు కింద ఉన్నాయనను ఎట్ల పిలుస్తవ్?"

"రాయితోని కొడ్త. ఆయన కట్టెతోని కొడ్తడు."

కింద నుంచి రాజమల్లు గొంతు వినిపించింది. "నువ్వు రా బిడ్డా, ఆమె మాటలకు భయపడకు. లోపల ఎవ్వలు లేరు. రాకాసి పైన్నే కూసున్నది."

పిల్ల కిలకిలా నవ్వింది. కృష్ణమోహన్ కూడా నవ్వు ఆపుకుంటూ దిగిపోయాడు. పరాయివాళ్ళ ముందు అంత మాట అన్నందుకు సోమక్కకు ఒళ్ళు మండింది. ఇంటికి రానీ చెప్తానని పళ్ళు కొరికింది.

తండ్రీకూతుళ్ళు పైకి వచ్చి, బోర్డు దగ్గర ఫోటోలు తీసుకోవడానికి అటు వెళ్ళారు. "అంకుల్ లైట్ బంద్ చేసి వస్తా అన్నడు" అని మహిత వెళ్తూ చెప్పింది. సోమక్క రాయితో కొట్టింది. జవాబు లేదు. మళ్ళీ కొట్టింది. లేదు.

ఇది రాజమల్లుకు అలవాటైన వేళాకోళమే. పోయిన నెల కూడా ఇలాగే ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని, ఆమె ఏడుపు లంకించుకున్నాక నవ్వుతూ పైకి వచ్చాడు. ఈసారి ఏడవదలుచుకోలేదు. కూర్చోనీ, ఎంతసేపు కూర్చుంటాడో చూస్తానని రాయి పక్కకు విసిరేసింది. పందిరి కింద శుభ్రంగా ఊడ్చింది. కుర్చీ మడిచింది. జనాన్ని ఆపే తాడు అడ్డంగా కట్టింది, విప్పి మళ్ళీ గట్టిగా కట్టింది. కోపం మీద చేసిన పని ఎంత తొందరగా అయిపోయినా ఇంకా ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది.

ఎండ గుట్ట వెనక్కి పోయింది. అప్పుడు చూసింది. అడుగు మెట్టు మీద లైటు వెలుగు ఇంకా పడుతూనే ఉంది. వేళాకోళానికైతే ఆయన లైటు ఆర్పేసేవాడు. అది కూడా ఆమెను భయపెట్టడానికే. విసిరేసిన రాయి వెతికి తెచ్చి కమ్మీ మీద గబగబా కొట్టింది. కొడుతూనే ఉంది.

ఆ చప్పుడుకు, ఇంకా బోర్డు దగ్గరే ఉన్న కృష్ణమోహన్ పరుగున వచ్చాడు. "ఏమైందమ్మా? గట్టిగా పిలువు."

"పిలువను సారూ."

"ఆయన పేరేంది? నేను పిలుస్త."

సోమక్క ఆయన చెయ్యి పట్టుకుంది. "ఒద్దు. మీ కాళ్ళు మొక్కుత. నేనే పోత."

కమ్మీ పట్టుకుని, వెనక్కి తిరిగి, చిన్నపిల్లలా ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగింది. కింద నుంచి ఎవరో చీర అంచు పట్టి లాగుతారని ప్రతి మెట్టు దగ్గరా అనిపించింది. అడుగున చల్లగా ఉంది. మగ్గం గుంటలో ఉండే పచ్చిమట్టి వాసనే ఇక్కడా ఉంది.

రాజమల్లు రాతిపలకకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కర్ర ఒళ్ళో ఉంది. గడ్డం రొమ్మును తాకుతోంది. పక్కన లైటు వెలుగుతోంది.

"ఇగో. ఏమయ్యో. లే. నగుతానవా?"

చెంప తాకింది. చల్లగా ఉంది. ఇక్కడ రాళ్ళు కూడా చల్లగానే ఉన్నాయి కదా అనుకుంది. అంగీ చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. చెయ్యి గిల్లింది. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పెదవి పళ్ళతో నొక్కి పట్టింది. పిలవనంతసేపూ ఆయన నిద్రపోతున్నాడు. పిలిచి, పలకకపోతే ఇక ఏ ఆశా ఉండదు. ఆ భయం ముందు చీకటి, ఎముకలు, రాకాసి, ఏవీ ఆమెకు గుర్తు రాలేదు. ఆయన పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వేడి పుట్టేదాకా రాస్తానని రాస్తూ కూర్చుంది.

కృష్ణమోహన్ ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చింది. ఇద్దరు మనుషులు దిగారు. ఒకతను రాజమల్లు చెయ్యి పట్టి చూసి, కళ్ళలో లైటు వేసి చూసి, మెల్లగా అడిగాడు.

"ఇట్ల కూసొని ఎంతసేపైంది అమ్మా?"

సోమక్క నోరు తెరిచింది. శుభ్రంగా ఊడ్చిన నేల, మడిచిన కుర్చీ, విప్పి కట్టిన తాడు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

"నేను కోపంల ఉన్న బిడ్డా" అంది.

మర్నాడు కొత్తవాడ దాటాక పాడెను దించారు. కొడుకుల్లేని ఇల్లు. ఎవరు పిలవాలని వెనకాముందాడుతుంటే రాజమల్లు తమ్ముడు వీరభద్రం వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వే పిలువాలె వదినె."

సోమక్క వంగింది. పెళ్ళయిన నాటి నుంచి దాచుకున్న మాట కావడంతో అలవాటుగా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసేసింది.

"రాజమల్లూ" అంది చివరికి. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. రెండోసారి కొంచెం గట్టిగా పిలిచింది. మూడోసారి పిలిచాక మాత్రం తల ఎత్తలేదు. చెవి ఆయన పెదవుల దగ్గర పెట్టి అలాగే ఉండిపోయింది. వీరభద్రం లేపబోతే చేత్తో ఆగమంది. మోసేవాళ్ళు ఎండలో నిలబడి ఆమె కోసం ఆగారు.

రాకాసిగూడు దగ్గర కొత్త మనిషి దొరికేదాకా ఎవరినీ దించవద్దని గొయ్యి మీద చెక్కలు పరిచారు. లోపల, ఎరుపూ నలుపూ కుండల వరుస చివర, నిన్న మధ్యాహ్నం సోమక్క చాయ్ పోసి పై మెట్టు మీద పెడితే రాజమల్లు తీసుకుపోయిన స్టీలు గ్లాసు ఉంది. దాని అడుగున కొంచెం చక్కెర కరగకుండా మిగిలింది.