పోశక్క ముడిలో చిక్కిన పన్ను

నేను ఒక పిండి జల్లెడను. సంతలో జల్లెడలల్లే ముసలాయన నన్ను చేశాడు. ఓదెలు నన్ను కొని భార్య పోశక్క చేతిలో పెట్టాడు. ముప్పై ఏళ్లు ఆమెకు జొన్నపిండి జల్లించాను. ఒకనాడు నా తీగలు తెగాయి. కొత్తది తెమ్మని ఆమె రెండుసార్లు అడిగింది. అతను తేలేదు. మూడోసారి అడగకుండా చిరుగును నల్లదారంతో అల్లి ముడేసింది. ఆమె పోయాక ఓదెలు నన్ను మేకుకు తగిలించి, కోడలిని కూడా ముట్టనివ్వలేదు. బతికున్నప్పుడు లేని జాగ్రత్త మనుషులకు తరువాత వస్తుంది.

ఊరి బయట ఎర్రమట్టి గుట్ట దగ్గర నస్రీన్ అనే పరిశోధకురాలు మూడేళ్లుగా మట్టి నానబెట్టి జల్లించి, మిగిలిన నలుసులను భూతద్దంతో వెతుకుతోంది. ఆ గుట్టలో రాక్షసబల్లుల ఎముకలు దూలాలంతటివి ఉన్నాయి. వాటి వంక ఆమె చూడదు. ఆమెకు కావలసింది ఎలుకంత జంతువు పన్ను. ఈ ఏడు దొరక్కపోతే గుట్టను వదిలెయ్యమని పైవాళ్లు చెప్పారు. ఆఖరి రోజున ఆమె జల్లెడ చిరిగింది. ఇంకో జల్లెడ కోసం ఇల్లిల్లూ అడుగుతూ మా గుమ్మానికి వచ్చి సంగతి చెప్పింది.

"ఎలుక పన్నుకు మూడేండ్లా? నీకేమన్న పట్టిందా బిడ్డా?" అన్నాడు ఓదెలు.

"పిల్లలకు పాలిచ్చి పెంచిన జంతువులల్ల తొలినాటిది తాతా. పైపన్ను కిందపన్నుల కుదురుకొని నమిలే తీరు దాని కాలంలనే మొదలైంది. నువ్వు రొట్టె నమిలేది గట్లనే."

ఓదెలు మిగిలిన నాలుగు పళ్లను నాలుకతో తడుముకున్నాడు. తానే జల్లిస్తానని చెప్పి నన్ను దింపాడు.

గుట్ట నుంచి తెచ్చిన మట్టి నాలో పోసి మా వాకిట్లోనే నీళ్లలో తిప్పుతుంటే మట్టి కారిపోయింది. పోశక్క ముడిలో మాత్రం ఒక నల్లటి నలుసు ఆగింది. నా కన్నాల కంటే చిన్నది. తీగలైతే వదిలేసేవి. నస్రీన్ భూతద్దం పెట్టి చూసింది. రెండు మొనలు, మధ్యలో గుంట. ఆమె వెతికే పన్నే. లాగితే విరుగుతుంది. ఆమె కత్తెర తీసింది.

"కత్తెర పెట్టకు," అన్నాడు ఓదెలు.

ఆ ముడి ఎవరిదో చెప్పాడు. ఆమె కత్తెర పక్కన పెట్టేసింది. బతిమాలలేదు. పొద్దు వాలింది. నస్రీన్ సామాను ఎక్కించిన జీపు రెండుసార్లు హారన్ కొట్టింది. అప్పుడు ఓదెలు లేచి లోపలి నుంచి పోశక్క సూది తెచ్చాడు. నస్రీన్ భూతద్దం పట్టుకుంటే, ముడి మొదలు వెతికి దారాన్ని ఒక్కో పోగే వెనక్కి తీశాడు. పన్ను ఆమె అరచేతిలో పడింది.

"రెండుసార్లు అడిగింది. నేను తేలే," అన్నాడు ఓదెలు.

పన్ను ఇప్పుడు పట్నంలో అద్దాల పెట్టెలో ఉందట. దాని వయసు, దొరికిన చోటు పక్కనే రాశారట. నేను చిరుగుతో మళ్లీ మేకుకే వేలాడుతున్నాను. ఆ వారం సంతలో ఓదెలు కొత్త జల్లెడ కొని కోడలి చేతిలో పెట్టాడు. ఆమె అడగనే లేదు.