తెలియదు పధ్నాలుగు

మండలి పుస్తకంలో ఆ చెట్టు పేరు 'తెలియదు పధ్నాలుగు'.

డాబాల మీదా, పెరళ్ళలోనూ అంజూర చెట్లు పెంచుకునే ముప్ఫై మంది కలిసి పెట్టుకున్న మండలి అది. పేరు తెలియని చెట్టు ఎవరి దగ్గరైనా ఉంటే ముందు దానికో నంబరు ఇస్తారు. ఏడాదికోసారి, వానలు వెనకబట్టి అసలు కాపు పండే రోజుల్లో లెక్చరరమ్మ వస్తుంది. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పండు కోసి చూసి, ఆకు కొలిచి, తెలిసిన రకమో కొత్తదో తేలుస్తుంది. మూడుసార్లు 'తెలిసినదే' అని రాసిందంటే ఆ నంబరు కొట్టేస్తారు. ఇక ఆ చెట్టు వంక ఎవరూ తిరిగి చూడరు.

వాచీల మాస్టారి చెట్టుకు రెండుసార్లు అయిపోయాయి. రెండుసార్లూ ఆవిడ ఒకే మాట రాసింది: 'మామూలు గోధుమరంగు రకం.'

మాస్టారు ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేశాడు. వాచీ ఎందుకు ఆగిందో తెచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, చక్రం చక్రం విప్పి చూపించి మరీ చెప్పేవాడు కాబట్టి వీధి వీధంతా మాస్టారూ అని పిలిచేది. ఇప్పుడు కొట్టు మూసేశాడు. ఒంటికంటి భూతద్దం మాత్రం జేబులో ఉంటుంది. డాబా మీద పదకొండు కుండీలూ, ఒక పెద్ద నీలం డ్రమ్మూ ఉన్నాయి. తెలియదు పధ్నాలుగు ఉండేది డ్రమ్ములో.

అది ఆయన భార్య తెచ్చిన చెట్టు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. అక్కడ వెనక గోడ పగులులోంచి ఓ అంజూర చెట్టు దానంతటదే మొలిచి పెరిగింది. మధ్యాహ్నం ఆపరేటర్లంతా దాని కిందే కూర్చుని అన్నాలు తినేవాళ్ళు. ఆ భవనం పడగొడతామన్న రోజున ఒకరు గోడ గడియారం తెచ్చుకున్నారు, ఒకరు కుర్చీ తెచ్చుకున్నారు. ఆవిడ జానెడు కొమ్మ విరిచి, తడి చేతిరుమాల్లో చుట్టి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వచ్చింది.

"ఎండలు మొదలవుతూనే కాస్తుందండీ. ఇంతింత పొడుగు, పచ్చటి పచ్చ. కోసి చూస్తే లోపల ఎర్రగా... నోరెళ్ళబెడతారు మీరు."

మాస్టారు తలూపాడు. బల్లిని చూసి మొసలి అని చెప్పగల ఇల్లాలు ఆవిడ. చిన్న మాటను పెద్దది చేసి చెప్పడం ఆవిడకు సరదా, వినడం ఆయనకు సరదా. అందుకని ఆవిడ చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలిన సగం లోపల దాచుకునేవాడు. కొమ్మ వేరు పట్టింది, నడుమెత్తు పెరిగింది. అది కాయకముందే ఆవిడ పోయింది.

తర్వాత నాలుగేళ్ళు అది ఆయన చేతుల్లో కాసింది. ఏటా ఒకటే కాపు, అదీ వానల చివర్లో. గోలీల్లాంటి గోధుమ రంగు పళ్ళు. లోపల పాలిపోయిన గులాబీ. తియ్యగానే ఉండేవి. కానీ పచ్చా లేదు, ఎరుపూ లేదు, పొడుగూ లేదు. ఆవిడ చెప్పినదాంట్లో ఈసారి సగం కాదు, మొత్తం తీసేయాలి కాబోలు అనుకున్నాడు ఆయన. అనుకున్నాడే కానీ, ఆ మాట వాచీలో పడ్డ ఇసుక రేణువులా లోపల గీరుతూనే ఉంది. రేపు పుస్తకంలో నంబరు కొట్టేస్తే చెట్టుతో పాటు ఆవిడ మాటనీ కొట్టేసినట్టే. ఆవిడ తరపున ఇక చెప్పేవాళ్ళు ఎవరున్నారు?

చెట్టును మాత్రం ప్రాణంలా చూసుకున్నాడు. ఆకు రాలిన కాలంలో చిన్న కత్తెర పట్టుకుని ఒక్కో కొమ్మ కొసా తుంచి, గడియారం ముఖంలా గుండ్రంగా దిద్దేవాడు. చూడ్డానికొచ్చిన మండలివాళ్ళు "కత్తిరిస్తే మాస్టారే కత్తిరించాలి" అనేవాళ్ళు. ఆయన బయటికి వినయంగా నవ్వి, లోపల పొంగిపోయేవాడు.

ఐదో ఏడు, ఆకులు రాలుతుండగా, డ్రమ్ము నిలువునా పగిలింది.

చెట్టును మార్చడానికి బావమరిది వచ్చాడు. ఆవిడ తమ్ముడు. బస్సు నడిపి రిటైరయ్యాడు. ఏ బరువు చూసినా ముందు దాని చుట్టూ రెండుసార్లు తిరుగుతాడు.

"బావా, ఇది చెట్టా, లారీ ఇంజనా?"

"నెమ్మదిగా లాగవయ్యా. వేర్లు తెగుతాయి."

"నా నడుం తెగితే ఫరవాలేదన్నమాట! ఇన్నేళ్ళలో ఒక్కసారీ మట్టి మార్చలేదా దీనికి?"

మార్చకపోవడానికి కారణం ఉంది. ఆ మట్టిని అదిమినవి ఆవిడ చేతులు. ఏటా పైన నాలుగు వేళ్ళ లోతు మట్టి గీకి కొత్తది పోసేవాడే తప్ప అడుగు కదిలించడానికి ఆయనకు చేతులు రాలేదు.

ఇద్దరూ కలిసి డ్రమ్మును పక్కకి పడుకోబెట్టి చీల్చారు. మట్టిముద్ద కిందికి జారి విడిపోయింది. వేర్ల మధ్య ఏదో మెరిసింది. బావమరిది వంగి తీశాడు. వేలెడు పొడుగు రేకు ముక్క.

"ఇదేంటి? డబ్బా మూతా?"

మాస్టారు చప్పున దాన్ని అందుకున్నాడు. మండలిలో చేరిన మొదటిరోజే ఆయనకీ ఆవిడకీ నేర్పిన పద్ధతి ఒకటి ఉంది. ప్రతి కుండీకీ రెండు చీటీలు పెట్టాలి. ఒకటి పైన, పుల్లకి. ఇంకోటి రేకు మీద మేకుతో గుచ్చి రాసి, లోపల వేర్ల దగ్గర. పై చీటీని ఎండా వానా తినేస్తాయి. లోపలిది ఉంటుంది. డ్రమ్ము మీది చీటీలో 'ఎక్స్ఛేంజీ గోడ' అన్న మాట ఒక్కటే ఉండేది, అదీ మూడో ఎండాకాలానికే తెల్లకాగితమైపోయింది. లోపల ఒకటి ఉంటుందన్న సంగతి, మట్టే కదిలించని మనిషికి తట్టలేదు.

కుళాయి కింద కడిగాడు. భూతద్దం కంటికి బిగించాడు. చుక్కలు చుక్కలుగా ఆవిడ అక్షరాలు, ఎప్పట్లాగే పైకి ఎగబాకుతూ ఉన్నాయి.

'ఎక్స్ఛేంజీ గోడ. పచ్చకాయ పాత కొమ్మకి. కొసలు కొయ్యకు.'

"ఏం రాసింది బావా?"

"కొసలు కొయ్యకు అంది."

"మరి నువ్వు?"

"ఏటా కోశాను."

బావమరిది మట్టిలోనే కూలబడి పగలబడి నవ్వాడు. "మా అక్క మాట నాలుగేళ్ళు జవదాటి బతికి బట్టకట్టిన మగాడివి నువ్వొక్కడివే బావా!"

మాస్టారికీ నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి ఆ నవ్వు అక్కరకొచ్చింది.

విషయం తెలియనిదేం కాదు. అంజూర చెట్టుకు రెండు కాపులుంటాయి. ఎండల మొదట్లో వచ్చేది ముందు కాపు. అది నిరుటి కొమ్మల కొసల్లో పుడుతుంది. వానల చివర్లో వచ్చే అసలు కాపు ఆ ఏటి కొత్త చిగుళ్ళ మీద వస్తుంది. ముందు కాపు చప్పగా ఉంటుందని మండలిలో ఎవరూ దాన్ని లెక్కపెట్టరు. చెట్టు తీరుగా ఉండాలని కొసలు తుంచేస్తారు. ఎక్స్ఛేంజీ గోడలోది ఎవరిదీ కాని చెట్టు. దాని మీద ఎవరూ కత్తెర పెట్టలేదు. అందుకే అక్కడ పచ్చకాయలు కాశాయి, ఇక్కడ కాయలేదు.

చెట్టును కొత్త డ్రమ్ములో నాటి, రేకు ముక్కను మళ్ళీ వేర్ల దగ్గరే పెట్టాడు. కత్తెరను సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి బావమరిది చేతికిచ్చాడు.

"అంత నమ్మకం లేదా నీ మీద నీకు?"

"చెయ్యి ఊరుకోదయ్యా. దిద్దడం నలభై ఏళ్ళ అలవాటు."

ఆ చలికాలమంతా చెట్టు తల దువ్వుకోని మనిషిలా నిలబడింది. ఒక కొమ్మ పక్కింటివాళ్ళ బట్టల తాడు మీద చెయ్యి వేసింది. పక్కింటావిడ కసురుకోకుండా తాడునే మూరెడు పక్కకి జరిపి కట్టుకుంది. చలి విరిగేసరికి, ఆకైనా రాకముందే, మోడు కొసల్లో బఠాణీ గింజలంత పచ్చటి బుడిపెలు లేచాయి. భూతద్దం పెట్టి లెక్కపెట్టాడు. పంతొమ్మిది. పదకొండు రాలిపోయాయి. ఎనిమిది ఆగాయి. రోజుకింత పొడుగు సాగుతుంటే వాటికి పలచటి గుడ్డసంచులు కట్టి, లెక్చరరమ్మ ఇంటికి వెళ్ళాడు.

"ముందు కాపు చూసి ఎవరైనా రకం తేలుస్తారా మాస్టారూ? నీళ్ళ కాయలవి."

"ఒక్కసారి వచ్చి చూడండి మేడమ్. ఇదే మూడోసారి అని రాసుకోండి."

ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఆలోచించుకునే అంటున్నారా? ఇది తేలకపోతే వానల తర్వాత ఇక రాను. నంబరు కొట్టేస్తాను."

"మా ఆవిడ చూసి చెప్పిందండీ. నేనే వినలేదు."

ఇంటికి నడుస్తూ లెక్క చూసుకున్నాడు. ఇంకా పండని ఎనిమిది కాయల మీద భార్య మాట మొత్తం పెట్టేసి వచ్చాడు.

లెక్చరరమ్మ వచ్చే రోజుకి పిట్టలు సంచులు చింపి రెండు పట్టుకుపోయాయి. ఆరు మిగిలాయి. కాయ మెడ వంచి కిందికి చూస్తే పండినట్టు. ఆ పొద్దున నాలుగు మెడలు వంచాయి. ఒకదాని అడుగున కన్నులాంటి చిన్న రంధ్రంలోంచి తేనెబొట్టు దిగి ఆగింది. బావమరిది డాబా గోడకి ఆనుకుని, తన బస్సుకే తనిఖీ వచ్చినట్టు బిగుసుకుని ఉన్నాడు.

ఆవిడ మెట్టు మెట్టుకీ ఆగి పైకొచ్చింది. మంచినీళ్ళు తాగింది. చెట్టు అవతారం చూసి "ఇదేమిటి మాస్టారూ, మీ చెట్టేనా?" అంది. ఆయన ఒక సంచి ముడి విప్పాడు.

అరచేతి వెడల్పంత పొడుగు, పచ్చటి పచ్చ. ఆవిడ దాన్ని తెంపింది. తొడిమ దగ్గర పాలు చిమ్మాయి. తన చిన్న చాకుతో నిలువునా చీల్చింది.

లోపల ఎరుపు. అంచుదాకా, ముద్దమందారం విప్పినట్టు.

"నోరు మూసుకో బావా, ఈగలు పోతాయి" అన్నాడు బావమరిది గుసగుసగా. మాస్టారు అప్పుడు చూసుకున్నాడు, తన నోరు నిజంగానే తెరుచుకుని ఉంది. తన ఇల్లాలు చెప్పినట్టే.

లెక్చరరమ్మ ఇంకోటి కోసింది. అదీ అంతే. ఆకు మీద స్కేలు పెట్టి కొలిచింది. సంచీలోంచి పుస్తకం తీసి పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పింది. మామూలు గోధుమరంగు రకం ముందు కాపులోనూ గోధుమ రంగే, గుండ్రమే. పచ్చగా కాసే రకాలు అసలు కాపులోనూ పచ్చగానే ఉంటాయి. ఈ రెండు కాపులూ కలిసిన చెట్టు ఆ పుస్తకంలో లేదు. శాంపిల్ పండును నాలుక చివర తగిలించి వదిలేసే మనిషి, చేతిలోని సగం ముక్క మొత్తం తినేసింది. తినేసి, మిగతా సగం వంక చూసింది.

"తీసుకోండి మేడమ్."

"నేను రెండేళ్ళు తప్పు రాశాను మాస్టారూ."

"మీదేం తప్పు లేదండీ. నేను మీకు సగం చెట్టే చూపించాను."

ఆవిడ 'తెలియదు పధ్నాలుగు' మీద అడ్డంగా ఒక గీత గీసింది. ఈ గీతకే కదా తను రెండేళ్ళుగా భయపడుతున్నది అనుకున్నాడాయన. గీత పక్కన 'కొత్త రకం' అని రాసి, పేరు దగ్గర ఆగింది. "కొమ్మ తెచ్చినవాళ్ళ మాటే పేరు. ఏం పెట్టమంటారు?"

"అక్క పేరే!" అన్నాడు బావమరిది.

"వద్దయ్యా. రేపెవరో 'దానికి పురుగు పట్టింది, పీకేశాం' అంటారు. మీ అక్క ఊరుకుంటుందా?"

"అమ్మో, నిజమే."

మాస్టారు వెన్ను నిటారుగా చేసుకుని, ఒక్కో అక్షరం గడియారం కొట్టినట్టు పలికాడు. "కొసలు కొయ్యకు. అని రాయండి."

"ఇది పేరా, హెచ్చరికా?"

"మా ఆవిడ ఏది చెప్పినా రెండూ కలిపే చెప్పేదండీ."

లెక్చరరమ్మ నవ్వుతూనే, గుండ్రటి అక్షరాల్లో అలాగే రాసింది.

మరుసటి చలికాలం మండలిలో పదహారు మంది ఆ కొమ్మ కావాలని పేర్లు ఇచ్చారు. తాళంచెవి తెచ్చిచ్చిన బావమరిది డాబా మీద కాలర్ ఎగరేసుకుని తిరుగుతూ, ఇద్దరికోసారి "మా అక్క తెచ్చిన చెట్టండీ" అంటున్నాడు. మాస్టారు పొడుగు కొమ్మల కొసలు ముట్టుకోకుండా, అడుగున వచ్చిన పక్కకొమ్మలు మాత్రం కోసి, పదహారు చిన్న కుండీల్లో గుచ్చాడు. తర్వాత భూతద్దం పెట్టుకుని రేకు ముక్కల ముందు కూర్చున్నాడు. కుండీకి రెండు చొప్పున ముప్ఫై రెండుసార్లు, మేకుతో చుక్క చుక్కగా ఆ రెండు మాటలే రాశాడు. అక్షరాలు తిన్నగా రాయడం ఆయనకు చేతనవును. అయినా ప్రతి రేకు మీదా వాటిని కొంచెం పైకి ఎగబాకనిచ్చాడు.