లోపలికొచ్చిన సుబేదారు

హవల్దారు త్రినాథరాజుకి బంగ్లాదేశ్ యుద్ధంలో ఎడమకాలు పోయింది. భార్య పోయాక రాజమండ్రిలో మాజీ సైనికుల ఆశ్రమంలో చేరాడు. పెంచుకున్న కుక్కని మాత్రం ధవళేశ్వరంలో చెల్లెలు సూర్యకాంతమ్మ దగ్గర వదలాల్సి వచ్చింది. దాని పేరు సుబేదారు. "నాకంటే పై ర్యాంకండి. ఇంట్లో దాని మాటే చెల్లేది" అనేవాడు.

ఆదివారాలు సూర్యకాంతమ్మ దాన్ని రిక్షాలో తీసుకొచ్చేది. లోపలికి రానిచ్చేవారు కాదు. రాజు కర్రల మీద గేటు దాకా వెళ్ళి, ఊచల్లోంచి చెయ్యి పెట్టి దాని చెవుల వెనక గోకేవాడు. తక్కిన ముసలి సిపాయిలూ చుట్టూ మూగేవారు.

"కాసేపు రానివ్వండమ్మా" అని మేట్రన్ దేవకుమారిని ఎన్నిసార్లు అడిగినా, "జబ్బు మనుషులున్న చోట కుక్కలేంటండీ" అనేది. అసలు సంగతి వేరు. చిన్నప్పుడు పిఠాపురంలో పిచ్చికుక్క కరిచి, బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకున్న మనిషి ఆవిడ. కుక్క మొరిగితే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

ఆ వానాకాలం రాజుకి నిమ్ము చేసింది. జ్వరం తగ్గింది గానీ అన్నం ముట్టడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఎవరు పలకరించినా పలకడు.

ఆదివారం సూర్యకాంతమ్మ కుక్కని గేటుకి కట్టేసి, అన్నని చూసి, కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది. వానలో తడుస్తూ సుబేదారు సన్నగా మూలుగుతోంది. దేవకుమారి వరండాలో నిలబడి దాన్నే చూస్తోంది.

"కరుస్తుందా అండీ?"

"దానికి పళ్ళే సరిగ్గా లేవమ్మా, ముసలిదైపోయింది."

"అయితే తాడు గట్టిగా పట్టుకుని రండి" అని దేవకుమారి తలుపు బార్లా తీసి, దాని వెనక నక్కింది.

సుబేదారు తిన్నగా మంచం దగ్గరికెళ్ళి ముందుకాళ్ళు పైన పెట్టింది. తడి మూతి మెడకి తగలగానే రాజు ఇటు తిరిగాడు.

"తడిసిపోయావేంట్రా" అన్నాడు. తరవాత తలుపు వైపు చూసి, "దీనికేదన్నా పెట్టండమ్మా" అన్నాడు.

"మీరు జావ తాగితే దానికీ పాలు పోస్తాను రాజుగారూ."

తాగాడు.

ఆ తరవాత కుక్క వరండాలోకి రావడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. దేవకుమారి మాత్రం కుర్చీ దూరంగా వేసుకునేది. చలికాలంలో ఓ సాయంత్రం సుబేదారు వెళ్ళి ఆవిడ పాదాల మీద తల పెట్టుకుని నిద్రపోయింది.

"రాజుగారూ, దీన్ని కాస్త పిలవండి" అంది ఆవిడ మెల్లిగా.

రాజు పిలవలేదు. ఆవిడ కాళ్ళు కదపకుండా అలాగే కూర్చుంది.