తువ్వాలు పట్టే పెద్దమనిషి

సంఘంలో ఆ దర్జీని అందరూ ఆమేన్‌గారు అంటారు. పాస్టరుగారి ప్రార్థన ముగిసీ ముగియకముందే ఆయన ఆమేన్ పడిపోతుంది మరి. తాత పాస్టరు, తండ్రి సంఘపెద్ద. ముక్కుతోపాటు విశ్వాసమూ వంశంలో వచ్చేసిందని ఆయన ధీమా. బాప్తిస్మం అడిగినవాళ్ళకు ముందు పరీక్ష పెట్టేది ఆయనే, నీళ్ళతొట్టిలో మునిగి తడిసి పైకొచ్చాక తువ్వాలు కప్పేదీ ఆయనే.

ఈసారి పరీక్షకు సొంత బావమరిదే వచ్చాడు. బస్సు డ్రైవరు. నిన్నమొన్నటిదాకా ప్రసంగం వేళకే చర్చి ముందు హారన్ మోగించిపోయిన ఘనుడు. అతన్ని కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టి ఆమేన్‌గారు గొంతు సవరించుకున్నాడు.

"రక్షణ ఎలా పొందావో చెప్పు."

"ఏమో బావా. ఓ రోజు బస్సు కడుగుతుంటే, నా బతుకంతా తప్పేనని తెలిసొచ్చి ఏడుపొచ్చింది. అయినా ప్రభువు నన్ను పొమ్మనలేదు. అంతే."

"అంతేనా? బైబిలు వాక్యం ఒక్కటైనా వచ్చా?"

"రాదు. నీకెలా జరిగిందో చెప్పు బావా, నేనూ అట్లాగే చెప్తా."

ఆమేన్‌గారు నోరు తెరిచాడు. చిన్నప్పుడు పెదనాన్న కొడుకులు బాప్తిస్మానికి వరుసగా మునుగుతుంటే, పనిలో పనిగా తననూ ముంచేశారు. నీళ్ళలో ఉన్నంతసేపూ ఆయన ధ్యాసంతా తర్వాత పంచబోయే కేకు మీదే!

"ముందు వాక్యాలు నేర్చుకో. ఈసారికి కుదరదు," అని బావమరిదిని పంపేశాడు.

పంపాడేగానీ ఆ ప్రశ్న మాత్రం దుకాణంలోనే కూర్చుంది. సాయంత్రం తలుపు వేసి, నిలువుటద్దం ముందు నిలబడి తన పరీక్ష తనకే పెట్టుకున్నాడు. జవాబు గడగడా వచ్చింది. అందులో తాత మాటలు తాతకిచ్చేశాడు. నాన్నవి నాన్నకు, పాస్టరుగారివి పాస్టరుగారికి. ఇక మిగిలిన సొంత గుడ్డ జేబురుమాలుకైనా చాలదు. అందరి కొలతలూ తీసే మొనగాడు, తన ఒంటిమీద నూలుపోగు లేదని ఇన్నాళ్ళూ చూసుకోలేదు! నవ్వొచ్చింది. ఆ వెంటనే భయమేసింది.

కత్తిరింపు ముక్కల మధ్య మోకాళ్ళూనాడు. ప్రార్థనలో దిట్ట అని పేరు, తీరా ఇప్పుడు పెద్ద మాట ఒక్కటీ రాదే!

"ప్రభువా, నా దగ్గరేం లేదు. అంతా నటనే. నన్నూ పొమ్మనకు."

చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరో తనను ఎత్తుకున్నట్టు మనసు తేలికపడింది. ఆమేన్ అనడం కూడా మరిచిపోయాడు.

తెల్లవారగానే బస్సుల షెడ్డుకు వెళ్ళి బావమరిది చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు పాసయ్యావురా. తప్పింది నేను."

ఆదివారం బాప్తిస్మం తీసుకునేవాళ్ళంతా ముందు బల్ల మీద కూర్చున్నారు. బావమరిది పక్కన, చివర్లో, ఆమేన్‌గారు. ఆయన్ని అక్కడ చూసి జనం గుసగుసలాడారు. పెద్దరికం గంగలో కలుస్తోందని ఆయన చెవులు కాలిపోతున్నాయి. అయినా లేవలేదు.

"పెద్దాయనా, తువ్వాలు పట్టుకోవాలిగా? అక్కడ కూర్చున్నారేంటి?" అన్నారు పాస్టరుగారు.

"ఇవాళ ఇంకెవరైనా పట్టుకోండయ్యా. నేను తడవాలి."

వెనక వరుసలోంచి ఆమేన్‌గారి భార్య లేచి వచ్చి తువ్వాలు అందుకుంది.

"నేను పట్టుకుంటా. మా పెళ్ళయినప్పట్నుంచీ ఈయన కోసం చేస్తున్న ప్రార్థన ఇదే."