కోపం లేని కేక

ఎంకయ్య దగ్గరికి కుక్కపిల్లను తెచ్చిన ప్రతివాళ్ళకూ ఏదో ఒక కోరిక ఉండేది. కల్లు గీసే మైసన్నకు, తన ఈతచెట్ల కింద నిలబడ్డవాడి పిక్క పట్టే కుక్క కావాలి. ఎల్లారెడ్డిలో కిరాణం నడిపే నారాయణకు, గిరాకీని చూసి తోక ఊపి, దొంగను చూసి మొరిగే కుక్క కావాలి.

"దొంగ సుత గిరాకోని లెక్కనే వస్తడు సేటూ. కుక్కకెట్ల ఎరుకైతది?" అన్నాడు ఎంకయ్య.

"గదే నువ్వు నేర్పాలె."

"నీకెరుకైతదా?"

నారాయణ కుక్కపిల్ల చెవిలో పిడుదుల కోసం వెతికాడు.

ఎంకయ్య నలభై ఏండ్లు గొర్లమంద వెంట తిరిగిన కురుమ. మోకాళ్ళు అరిగాక మందను కొడుక్కి వదిలి, ఎల్లారెడ్డి బయట తుమ్మచెట్ల బీడులో కుక్కపిల్లలకు పని నేర్పుతున్నాడు. అంగడినాడు పిల్లను అప్పగించిపోతే మూడు నెలలకు వచ్చి తీసుకుపోవచ్చు. కూలి జొన్నలు.

రైతు ఇంటి కోడలు భూదేవి మాత్రం పిల్లను అప్పగించలేదు. చంకన పెట్టుకునే నిలబడింది.

"నీకేం గావాలె బిడ్డా?"

"పిలిస్తే రావాలె."

"గంతేనా? గట్క ముద్ద సూపిస్తే ఏ కుక్కైనా వస్తది," అని నవ్వాడు ఎంకయ్య.

"ముద్ద జూసి గాదు కాకా. గుర్రం ఎంబడి ఉరుకుతున్నప్పుడు నేను పిలిస్తే, గుర్రాన్ని ఇడిసిపెట్టి రావాలె."

ఎంకయ్య నవ్వు ఆగిపోయింది. నిరుటి సంగతి అతనూ విన్నాడు. షికారుకు వచ్చిన ఒక దొర గుర్రం మీద ఊళ్ళోంచి పోతుంటే భూదేవి వాళ్ళ కుక్క ఎర్రోడు వెంటబడింది. వాకిట్లోంచి భూదేవి "ఎర్రోడా! ఎర్రోడా!" అని గొంతు చించుకుంది. కుక్క ఆగలేదు. ఇంకా జోరుగా ఉరికింది. తుపాకి ఒక్కసారే పేలింది.

ఈ పిల్లను మరిది కామారెడ్డి స్టేషన్ దగ్గరి గుడిసెల నుంచి తెచ్చాడు. అందుకే దాని పేరు రైలు. ఐదో నెల నిండకముందే దానికీ గుర్రపు డెక్కల చప్పుడంటే ఒళ్ళు తెలియని ఉబలాటం పట్టుకుంది. పోలీసు పటేలు రాజయ్య వాకిట్లో నిలబడి చెప్పిపోయాడు: "జొన్న కోతకొచ్చినంక గిర్దావరు సాబు శిస్తు కోసం గుర్రం మీద పంట సూడ వస్తడు. మీ కుక్క ఉరికిందంటే నేనే కట్టెతోని కొట్టి సంపుత. నిరుటి లెక్క నా ఊళ్ళె మల్ల తుపాకి పేలొద్దు."

"గా ఒక్కనాడు కట్టేయరాదే," అంది అత్త కమలవ్వ.

"గా ఒక్కనాడు ఆగుతది అత్తా. తెల్లారి?"

ఎంకయ్య పిల్లకు ఈల వింటే రావడం నేర్పుతానన్నాడు. రెండు వేళ్ళు నోట్లో పెట్టి వేశాడు. బీడు చివర గొర్రెల్లో తిరుగుతున్న పెద్ద కుక్క బాణంలా వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"పిల్ల నేర్సుకుంటది. నువ్వూ నేర్సుకోవాలె. కుక్కకు మూడు నెల్లు. కుక్క గలామెకు ఎన్ని నెల్లో నేను జెప్పలేను."

ఆ సాయంత్రం భూదేవి కొట్టంలో బర్రెల వెనక నిలబడి ప్రయత్నించింది. గాలి వచ్చింది, ఈల రాలేదు.

"కొట్టంల పాము దూరిందా ఏంది, బుసగొడుతున్నది?" అంది బయటినుంచి కమలవ్వ.

"నేనే అత్తా. ఈల."

"మంచిగున్నది. రేపు మీసాలు సుత పెంచు. నీ మొగడు, నువ్వు, ఇద్దరు రచ్చకట్ట మీద కూసోండ్రి."

మర్నాడు భూదేవి బీడుకు పోయి నిక్కచ్చిగా చెప్పింది. "ఈల వద్దు కాకా. అత్త తిట్టిందని గాదు. నా చేతులకు పేడ ఉంటది, నెత్తి మీద గడ్డిమోపు ఉంటది. వేళ్ళు కడుక్కొని నోట్లె పెట్టుకునే వరకు గుర్రం కామారెడ్డి జేరుతది. నా గొంతుకు వచ్చేటట్టు నేర్పు."

"గొంతుకు నేర్ప."

"ఎందుకు?"

"ఈలకు కోపం ఉండదు, భయం ఉండదు. గొంతుకు ఉంటది. నిరుడు నీ కుక్కను ఎట్ల పిలిసినవో ఒక్కసారి పిలువు."

భూదేవికి ఇష్టం లేదు. అయినా పిలిచింది. "ఎర్రోడా! ఎర్రోడా!"

తుమ్మనీడలో పడుకున్న పిల్లలన్నీ చెవులు నిక్కించి లేచాయి. ఎవరిమీద పడాలో తెలియక నాలుగు దిక్కులా మొరిగాయి.

"సూసినవా? మనం కుక్కను గట్టిగ పేరు వెట్టి పిలిసేదెప్పుడు? ఉసిగొల్పినప్పుడే గద. నువ్వు అరిసినకొద్ది 'మా అమ్మ పట్టుమంటున్నది' అనుకున్నది గది."

భూదేవి గట్టు మీద కూర్చుంది. ఎర్రోడు తన మాట వినలేదని ఏడాదిగా అనుకుంటూ ఉంది. వినే ఉరికింది.

లేచి, కొంగు దులుపుకుంది.

"కోపం లేని పిలుపు తెస్తే నేర్పుతవా?"

"తెచ్చినంక మాట్లాడు."

భూదేవి తెలిసిన పిలుపులన్నీ వేసి చూసింది. కోళ్ళను పిలిచే పిలుపు పదడుగులు దాటలేదు. బర్రెను పిలిచే పిలుపుకు బర్రె వచ్చింది. వారం గడిచింది. జొన్నకు కంకి పడింది, పిట్టలు దిగాయి, కమలవ్వ రాళ్ళు విసిరే వడిసెల పట్టుకుని మంచె ఎక్కింది. మధ్యాహ్నం సద్ది తీసుకుపోయిన భూదేవికి మంచె మీదినుంచే తిట్లు మొదలయ్యాయి.

"ఇప్పుడా వచ్చేది? కుక్క సదువు అయిందా? నా కడుపుల ఎలుకలు..." అంటూనే కమలవ్వ తల తిప్పి, "హోఓఓ... హొయ్!" అని కేక వేసింది. చేనంతా పిట్టలు లేచాయి. "...ఎలుకలు ఉరుకుతున్నయ్. గా కుక్కకున్న విలువ నాకు లేకపాయె!"

భూదేవి సద్దిగిన్నె పట్టుకుని కిందే నిలబడిపోయింది. తిట్లలో కోపం ఉంది. వాటి మధ్యలో వచ్చిన కేకలో లేదు.

"అత్తా, గా కేక నాకు నేర్పు."

"పన్నెండేండ్ల సంది మంచె ఎక్కుతనే ఉన్నవు గద!"

"నీ లెక్క వస్తలేదు. నాది అరిసినట్టే ఉంటది."

కమలవ్వ వంగి సద్దిగిన్నె అందుకుంది. "ఎవల మీద ఏస్తున్ననో అనుకోవద్దు. పిట్ట మీద నాకేం పగ? అది లెవ్వాలె, గంతే. కడుపుల నుంచి తియ్యి."

మరో వారానికి భూదేవి ఆ కేకను బీడుకు తీసుకుపోయింది. ఎంకయ్య విని తల ఊపాడు గానీ తను ఒక్కసారీ వెయ్యలేదు. "నేనేస్తే నా కుక్కైతది. దినాం నువ్వే రావాలె." ఇంకొక మాట కూడా చెప్పాడు: "ఉత్తగ పిలువకు. పిలిసినవంటే పని ఉండాలె, వచ్చినంక ముద్ద పెట్టాలె."

దినాం వచ్చింది. మొదట మెడకు పొడుగు తాడు, కేక, గట్క ముద్ద. తర్వాత తాడు లేకుండా. తర్వాత గొర్రెల మధ్య నుంచి. నెల దాటాక ఎంకయ్య కొడుకు టట్టు గుర్రమెక్కి బీడుకు అడ్డంగా తోలాడు. రైలు ఉరికింది. భూదేవి నోరు తెరిచే లోపల ఎంకయ్య పక్కనుంచి అరిచాడు.

"నిరుడు కుక్కను సంపుకున్నది గీమెనే!"

కేక పగిలిపోయింది. రైలు ఇంకా జోరుగా ఉరికింది. టట్టు మీదున్నవాడు కాలు పైకెత్తి తప్పించుకున్నాడు.

భూదేవి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంకయ్య తలపాగా సర్దుకున్నాడు.

"తప్పువట్టకు బిడ్డా. గిర్దావరు వచ్చిననాడు అందరు నీ ఎనక గిట్లనే మొత్తుకుంటరు."

"మల్ల అను కాకా."

"ఏంది?"

"గదే మాట. ఇంక గట్టిగ అను."

రెండోసారి అనడానికి ఎంకయ్యకే నోరు రాలేదు. ఆమె నిలబడి చూస్తూంటే అన్నాడు. టట్టు కదిలింది. భూదేవి కడుపులోంచి తీసి కేక వేసింది. రైలు నాలుగు దుముకులు దుమికి, ఆగి, ఒకసారి టట్టును, ఒకసారి ఆమెను చూసి, వెనక్కి తిరిగింది.

గిర్దావరు వచ్చినరోజు భూదేవి గడ్డి కోసి, మోపు తలకెత్తుకుని చేనిగట్టున వస్తూ ఉంది. మంచె మీద కమలవ్వ. బాటమీద గుర్రం, దాని వెనక కట్టె పట్టుకుని పటేలు. డెక్కల చప్పుడు చెవిన పడగానే రైలు గట్టు దూకింది.

"వాయ్యో! రైలూ! రైలూ!" అని మంచె మీదినుంచి కమలవ్వే అరిచింది. కుక్క జోరు హెచ్చింది. పటేలు కట్టె ఎత్తాడు.

"అత్తా, పేరు వెట్టకు!"

తలమీద మోపు దించలేదు భూదేవి. పటేలును చూడలేదు, గుర్రాన్ని చూడలేదు. పిట్టలు లేవాలి, అంతే అనుకుంది.

"హోఓఓ... హొయ్!"

చేనంతా పిట్టలు బుర్రున లేచాయి. గిర్దావరు తల పైకెత్తి చూశాడు.

"కావలి బాగుంది పటేల్," అన్నాడు పిట్టల వైపు చూస్తూనే.

"జీ సాబ్," అన్నాడు రాజయ్య. ఎత్తిన కట్టెను ఏం చెయ్యాలో తోచక భుజాన వేసుకున్నాడు. బాట సగంలో దుమ్ము లేపుతూ తిరిగిన రైలు, అప్పటికే గట్టు దాటి వచ్చేసింది.

భూదేవి మోపు దించి, నడుముకు కట్టుకున్న గుడ్డలోంచి ముద్ద తీసి పెట్టింది. గుర్రం మలుపు తిరిగింది.

"పిట్టలు మల్ల వాలుతున్నయే," అంది పైనుంచి కమలవ్వ, గొంతు సవరించుకుంటూ. "నా గొంతు పోయింది. నువ్వే ఇంకో కేకెయ్యి."

రైలు కాళ్ళ దగ్గరే ముద్ద నాకుతూ ఉంది. ఆ కేక ఇప్పుడు దాని పిలుపు; వచ్చి ఉన్నదాన్ని ఉత్తగా పిలవకూడదు.

భూదేవి చెయ్యి పైకి చాచింది. "వడిసెల ఇయ్యి అత్తా."