కిటికీ వైపు

పుట్టీ మీద నీళ్ళలో ముంచిన గరుకు కాగితం ఆడించడం అది మూడోసారి. బండి డ్రైవరు వైపు తలుపు మీద తెల్లటి నీళ్ళు చారలు కట్టి మోచేతిదాకా కారుతున్నా అతను తుడుచుకోలేదు. కాసేపు రుద్ది, కళ్ళు మూసుకుని, అరచేత్తో రేకును ఈ చివరినుంచి ఆ చివరికి నిమిరాడు. ఎత్తుపల్లాల విషయంలో కళ్ళు మోసం చేస్తాయనీ, అరచెయ్యి చెయ్యదనీ అతని నమ్మకం. హ్యాండిల్ కింద ఇంకా వెంట్రుకవాసి ఎత్తు తగిలింది. మళ్ళీ మొదలుపెట్టాడు.

బళ్ళకు రంగులేసే షెడ్డులో అతన్ని నిదానం అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉందేమోగానీ పిలిచే నాథుడు లేడు. ఎవరు తొందరపెట్టినా “నిదానమే ప్రధానం” అనడం, మళ్ళీ పనిలో పడటం. ముప్పై రెండేళ్ళుగా అదే షెడ్డు, అదే మూల, అదే మాట. ఒకసారి పెళ్ళి సంబంధం మాట్లాడటానికి రమ్మంటే, కారుకు రంగు కింద వేసిన ప్రైమర్ ఆరేదాకా ఆగి వెళ్ళాడట; ఈలోగా ఆ పిల్లకు ఇంకోచోట ఖాయమైపోయిందట. షెడ్డువాళ్ళు చెప్పుకుని పడీపడీ నవ్వుతారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ తరవాత మరో సంబంధం చూడలేదన్నది మాత్రం వాళ్ళు చెప్పరు.

ఇప్పుడతను పనిచేస్తున్నది షెడ్డులో కాదు, అక్కావాళ్ళ ఇంటి ముందు. బండి బావది. ఇళ్ళు మారేవాళ్ళ సామాను మోసే పికప్. బీరువాల మూలలు, మంచాల కోళ్ళు, ఇరుకు సందుల గోడలు తగిలి అది సొట్టలు పడని చోటు లేదు. అమ్మా నాన్నా పోయి దిక్కులేకుండా ఉన్న పద్నాలుగేళ్ళ బామ్మర్దిని ఆ బండిలోనే ఇంటికి తెచ్చుకున్నాడు బావ. ఆ బండిలోనే షెడ్డుకు తీసుకెళ్ళి పనిలో పెట్టాడు. ఆ రుణం రంగుతో తీర్చుకుందామని నిదానం ఏటా అడిగేవాడు.

“నాలుగు రోజులు బండి వదిలెయ్ బావా.”

“నాలుగు గంటల్లో చేస్తానను, ఇప్పుడే ఇచ్చేస్తా.”

ముప్పై ఏళ్ళయినా ఆ బేరం తెగలేదు. ఇప్పుడు బండికి తీరిక దొరికింది, బావకు లేదు. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళమన్నారు ఆసుపత్రివాళ్ళు. ముందుగది కిటికీ దగ్గర మంచం వేశారు. మొదటిరోజే బావ కిటికీలోంచి బండికేసి చూసి, “దాన్ని కొత్తలో ఉన్న రంగులో ఒక్కసారి చూడాలనుందిరా” అన్నాడు. ఆయన కోరినదల్లా అదే.

కొత్తలో అది నెమలికంఠం రంగు. ఇప్పుడా రంగు డీజిలు మూత లోపల, రూపాయి బిళ్ళంత మేర మిగిలింది. వారం రోజులు సెలవు పెట్టి నిదానం తుప్పు కోసి కొత్త రేకు అతికించాడు, లోపలినుంచి సుత్తితో కొట్టి సొట్టలు లేపాడు. ఎనిమిదోరోజు ఉదయానికి కిటికీ వైపు పుట్టీ నునుపు తేలింది. తొమ్మిదింటికి ఆ వైపు అద్దాలకు పాత పేపర్లు అంటించి, బూడిదరంగు ప్రైమర్ కొట్టాడు. అవతలి వైపు ఇంకా పుట్టీ మీదే ఉంది.

పదింటికి ఇంటికొచ్చి చూసివెళ్ళే నర్సు వచ్చింది. వెళ్తూ గేటు దగ్గర అక్కతో మెల్లగా అంది: “చెప్పాల్సినవాళ్ళకి చెప్పుకోండమ్మా. సాయంత్రం దాటడం కష్టం.”

అక్క గేటు వేసి, అతని దగ్గరకొచ్చింది.

“రంగెప్పుడేస్తావురా తమ్ముడూ?”

“రేపు మధ్యాహ్నం అక్కా. ప్రైమర్ ఆరాలి కదా” అనేశాడు అలవాటు కొద్దీ. అనేశాక ఆవిడ మొహం చూశాడు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

బొటనవేలితో ప్రైమర్‌ను నొక్కి చూశాడు. అచ్చు పడింది. పచ్చి ప్రైమర్ మీద రంగు వేస్తే నెల తిరక్కుండా ముడతలు పడి పొట్టులా రాలిపోతుంది. షెడ్డులో ఒకడు అలా చేస్తే, “అది రంగు కాదురా, రోగం” అని వాడితో ఏడాది మాట్లాడలేదు తను. ఇన్నేళ్ళలో అతనికంటూ ఉన్నది ఆ ఒక్క పరువే. ఇల్లా, వాకిలా, పిల్లాజెల్లానా?

లోపల బావ దగ్గాడు. ఆ దగ్గులో సత్తువ లేదు.

నిదానం డబ్బా మూత తీశాడు. నీలం, ఆకుపచ్చ, చుక్క నలుపు. పుల్లతో కలిపి, డీజిలు మూత పక్కన పెట్టి చూసి, ఇంకో చుక్క వేశాడు. పొరకూ పొరకూ మధ్య ఆగాల్సినంత సేపు ఆగలేదు. కంప్రెసరు రొద చేస్తోంది, రంగు చిమ్మే గన్ను ఆపకుండా నడిపాడు. బావ పోతాడని ఏడుపొస్తోంది, చేతులారా పని పాడుచేస్తున్నానని కూడా వస్తోంది. రెంటినీ విడదీసుకునే తీరిక అతనికి లేదు.

మధ్యాహ్నం రెండింటికి అక్క బావ వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది. ఎండ నేరుగా తలుపు మీద పడి రంగు కళ్ళు చెదిరేలా ఉంది. బావ చాలాసేపు చూశాడు. నిదానం కిటికీ అవతల రంగు చేతులతో నిలబడ్డాడు.

“అటుపక్కో?” అన్నాడు బావ.

“అటు కూడా అయిపోయింది బావా.”

“కొయ్యకురా కోతలు. గన్ను చప్పుడు ఇటునుంచే వచ్చింది.” ఊపిరి కూడదీసుకున్నాడు. “ప్రైమర్ ఆరిందా?”

నిదానం తల వంచుకున్నాడు.

“ఆరలేదన్నమాట.” బావ పెదాలు నవ్వాయి, కళ్ళు నిండాయి. “నాకోసం నీ పని చెడగొట్టుకున్నావు కదరా వెధవా.”

“చెడితే మళ్ళీ చేస్తాలే బావా.”

“చేద్దువుగాని. ముందా పేపర్లు పీకెయ్. నా సీటు కనబడనీ.”

నిదానం వెళ్ళి తలుపు అద్దం మీది టేపు ఒక్కొక్కటే, రంగు లేవకుండా, వెనక్కి మడిచి లాగడం మొదలుపెట్టాడు. పేపరు వచ్చేసింది. అద్దంలోంచి సీటూ, స్టీరింగూ కనిపించాయి. “కనబడుతోందా బావా?” అని తిరగకుండానే అడిగాడు. జవాబు రాలేదు. ఇంకో టేపు లాగాడు.

“తమ్ముడూ, ఇక చాల్లే. లోపలికి రా” అంది అక్క. ఆవిడ గొంతు పెంచలేదు. అతను చేతిలో ఉన్న టేపును చివరిదాకా లాగి, ఉండ చుట్టి జేబులో పెట్టుకుని, అప్పుడు వెళ్ళాడు.

నెల తిరక్కుండా రంగు విషయంలో అతను అనుకున్నంతా అయింది. షెడ్డు యజమాని అక్కను పరామర్శించడానికొచ్చి, బండిని చూసి ముక్కున వేలేసుకున్నాడు.

“ఎవడయ్యా ఈ పాపాత్ముడు?”

“నేనే” అన్నాడు నిదానం.

“గోకించేసి మళ్ళీ కొట్టిద్దాం. షెడ్డుకు పంపించు.”

“చూద్దాంలెండి. తొందరేముంది?”

ఆ పని ఎప్పుడెత్తుకున్నా ముందు ఆ రంగును గీకెయ్యాలి. అది తన చేతుల్తో కాదని అతనికి తెలుసు, అక్కకూ తెలుసు. బండి ఇంకా అక్కడే ఉంది, అవతలి వైపు పుట్టీతో, కిటికీ వైపు ముసలివాళ్ళ చర్మంలా ముడతలు పడిన నెమలికంఠం రంగుతో.