ఎడమ కంటికి ఒక వరుస

మధ్యాహ్నం ఒంటిగంటలోపు పది ఆర్డర్లు మా కంప్యూటర్ నుంచి లెన్సుల వర్క్‌షాపు కంప్యూటర్‌కి తప్పు లేకుండా చేరాలి. పదీ చేరితే మా కళ్లజోళ్ల దుకాణాన్ని ఆ రోజే వాళ్ల యంత్రాలతో కలుపుతారు, లెన్సులు మర్నాడే వస్తాయి. ఒక్కటి తప్పినా మళ్లీ ఆరు నెలల తర్వాతే మా వంతు. ఇప్పటిదాకా మేము కంటి పవర్లు రాసిన చీటీ పంపడం, వాళ్లు దాన్ని మళ్లీ టైపు చేయడం, అనుమానం వస్తే ఫోన్ చేయడం, అన్నీ కలిపి ఎనిమిది రోజులు పట్టేది. వీధి చివర కొత్త దుకాణంవాళ్లు రెండు రోజుల్లో ఇస్తున్నారు. మామయ్యగారు నలభై ఏళ్లుగా కళ్లు పరీక్షిస్తూ కూర్చునే కుర్చీ ఎదుట ఇప్పుడు రోజుకి ఇద్దరో ముగ్గురో కూర్చుంటే గొప్ప. ఆరు నెలలు ఆగితే ఆ ఇద్దరు కూడా ఉండరు.

ఈ పనికి పూనుకున్నది మా ఆడపడుచు. ఇంట్లో అందరం అమ్మడు అంటాం. మూడు నెలలు కూర్చుని ప్రోగ్రాం రాసింది. ఆ రోజు నన్ను దుకాణానికి పిలిచింది కూడా తనే, మామయ్యగారి చేతిరాత చదవడానికి. ఆయన రాసింది చదవగలిగినవాళ్లం ప్రపంచంలో ఇద్దరమే: ఆయనా, నేనూ. మా ఆయన ముందు గదిలో ఫ్రేములు బిగిస్తూ, "మీరు గెలిస్తే కేకేయండి, ఓడితే గుసగుసలాడుకోండి," అన్నారు.

వెనక గదిలో నేను చీటీలు చదువుతుంటే అమ్మడు ఎక్స్ఎంఎల్ అనే కంప్యూటర్ రాతలో నింపుతోంది. చూస్తూ చూస్తూ ఆ పద్ధతి నాకు నచ్చేసింది. ఏ అంకె కూడా ఊరికే ఉండదు. ముందు దాని పేరు, తర్వాత అంకె, తర్వాత మళ్లీ అదే పేరుతో ముగింపు. లోపలిది మూయకుండా బయటిది మూయకూడదు.

"దీన్ని ఎవరో ఇల్లు సర్దుకునేవాళ్లు కనిపెట్టి ఉంటారే," అన్నాను.

"కాదు వదినా, ఎదుటివాడికి అర్థమైందో లేదో అని భయపడేవాళ్లు," అంది అమ్మడు. "అక్కడ యంత్రం ఏదీ ఊహించదు. చెప్పింది మాత్రమే చేస్తుంది."

"మీ నాన్నగారి రాత కూడా ఊహించదా?"

"నా రాత చదవలేకపోతే తప్పు రాతది కాదు, చదువుది," అన్నారు మామయ్యగారు గుమ్మంలోంచి. ఆయన వెనకే టైలరమ్మ వచ్చింది. మా వీధిలో అందరి బట్టలూ కుట్టేది ఆవిడే. కళ్లు అప్పుడే పరీక్ష చేయించుకుంది. పదో చీటీ ఆవిడదే.

చదివాను. కుడి కన్ను, ప్లస్ ఐదున్నర. ఎడమ కన్ను దగ్గర ఒక అడ్డగీత.

అమ్మడు గీత దగ్గర ఏమీ నింపకుండా పదీ ఒకేసారి పంపింది. పన్నెండుకి పది నిమిషాలుంది. గోడ గడియారం వైపు చూడకూడదనుకుంటూ అందరం అటే చూస్తున్నాం. జవాబు వచ్చింది.

తొమ్మిది స్వీకరించారు. పదోది తిరస్కరించారు. కారణం: ఎడమ కంటి పవర్ లేదు. ఒంటిగంటలోపు సరిచేసి మళ్లీ పంపొచ్చు.

"నాన్నా, ఈ గీతేంటి?"

"ఆవిడకి చిన్నప్పుడే ఆ కంటి చూపు పోయిందమ్మా. పవర్ చూడటానికి ఏముంది? గీత పెడితే వర్క్‌షాపులో అద్దం అరగదీసే ఆయనకి తెలుసు. రెండోవైపు అద్దం ఎంత లావుంటే ఇదీ అంత లావు చేసి పంపేవాడు. బ్యాలెన్స్ లెన్స్ అంటాం."

"ఆయన మొన్నే మానేశాడుగా!" అమ్మడు తల పట్టుకుంది. వెంటనే నిటారుగా కూర్చుంది. "సున్నా పెట్టేస్తా. సున్నా కూడా అంకేగా, యంత్రం ఒప్పుకుంటుంది. ముందు గట్టెక్కుదాం."

"నా కంటికి సున్నా మార్కులా అమ్మాయ్?" అంది టైలరమ్మ. "ఇదివరకు ఒకచోట అలాగే చేయించా. ఒక కన్ను దోసెడంత, ఒక కన్ను చింతగింజంత. పైగా కళ్లజోడు ఒకవైపుకే జారేది. మెడ వంచి కుట్టీ కుట్టీ, జాకెట్లన్నీ వంకరగా వస్తున్నాయన్నారు. కనబడేది ఒక కంటితోనే అయినా జనానికి రెండూ కనబడతాయిగా!"

"అయితే ఎడమకి కూడా ఐదున్నర వేస్తా. రెండూ సమానంగా ఉంటాయి."

"చూడని కంటికి అంకె వేస్తావా?" మామయ్యగారి గొంతు లేచింది. "రేపు ఎవరో డాక్టరు అది చూసి ఆ కన్ను కనిపిస్తోందనుకుంటాడు. ఆర్డరు పోతే పోనీ."

"పోతే పోనీయా? మూడు నెలలు నాన్నా!" అమ్మడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను తెర మీదే చూస్తున్నాను. తొమ్మిది ఆర్డర్లు పొందిగ్గా ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఈ పదోదానికి మాత్రం పెట్టుకోవడానికి చోటు లేదు.

"అమ్మడూ, ఈ పేర్లు ఎవరు పెట్టారు?"

"వర్క్‌షాపు ఇంజనీరు. ఏమేం ఉండాలో, ఏది లేకపోయినా ఫర్వాలేదో ఒక ఫైల్లో నియమాలు రాశాడు. ముప్పై దుకాణాలకి అదే."

"మనిషేగా పెట్టింది? ఫోన్ కలుపు."

ఇంజనీరు గొంతు వినగానే తెలిసింది, పొద్దున్నుంచి ఫోన్లతో విసిగిపోయాడని. "ముప్పై దుకాణాలకి ఒకే ఫార్మాట్ మేడమ్. మీ ఒక్కరి కోసం ఎలా మారుస్తాను?"

"మార్చొద్దు బాబూ. ఉన్నదేదీ కదపకు. పవర్ ఉండాలి అని రాశావు కదా, 'లేదా బ్యాలెన్స్ ఉండాలి' అని ఒక్క వరుస చేర్చు. ఇప్పుడొస్తున్న ఆర్డర్లు అలాగే వస్తాయి. మా టైలరమ్మలాంటివాళ్లకి మాత్రం రెండోది వాడతాం."

అమ్మడు నన్ను చూసిన చూపు, నేను పెళ్లిచూపుల్లో కూడా చూడలేదు.

"మీరు ప్రోగ్రామరా మేడమ్?"

"నేను ఈ అమ్మాయి వదినని."

అతను నవ్వాడు. గొంతులో విసుగు పోయింది. "అవును, యంత్రం రెండోవైపు చూసి చేసుకోగలదు. ఇన్నాళ్లూ దానికి ఎవరూ చెప్పలేదంతే. ఇరవై నిమిషాలివ్వండి."

ఇరవై అన్నది నలభై అయింది. టైలరమ్మ కుర్చీ మా పక్కకి లాక్కుంది. మామయ్యగారు గదిలో అటూ ఇటూ తిరుగుతూ రెండుసార్లు చెత్తబుట్టని తన్నారు. పన్నెండూ నలభైకి కొత్త నియమాల ఫైలు వచ్చింది. నేను వెనకనుంచి చూస్తుండగా అమ్మడు రాసింది:

<కన్ను వైపు="ఎడమ">
<బ్యాలెన్స్>కుడి</బ్యాలెన్స్>

"ఆగు! కన్ను మూయలేదు," అన్నాను.

"నేను మూశానే!" అంది టైలరమ్మ భయపడుతూ.

అంత కంగారులోనూ ముగ్గురం పగలబడి నవ్వాం. అమ్మడు కింద </కన్ను> అని చేర్చి పంపింది. పన్నెండూ నలభై ఎనిమిది.

ముందు గదిలో మా ఆయన స్క్రూ బిగిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. పన్నెండూ యాభై. యాభై రెండు. యాభై మూడు.

తెర మీద జవాబు: పదీ స్వీకరించాం.

అమ్మడు కేకేసింది. మా ఆయన స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చారు. మామయ్యగారు మాత్రం తెర దగ్గరకి వంగి, కళ్లజోడు పైకెత్తి జవాబంతా చదువుతున్నారు. యంత్రం తయారు చేయబోయే అద్దాల కొలతలు కూడా పంపింది. కుడివైపు మధ్యలో మందం ఇంత, ఎడమవైపు అంతే. బరువు పదకొండు గ్రాములు, అటు కూడా పదకొండే.

"అచ్చం వాడు చేసినట్టే చేస్తోందే," అన్నారు. వాడంటే మానేసిన ఆ పెద్దమనిషి. "నేను గీత పెడితే వాడు అర్థం చేసుకునేవాడు. దీనికి అర్థమయ్యేట్టు చెప్పాలి, అంతేనన్నమాట." కూతురి తల మీద చెయ్యి వేశారు. "చీటీల్లో ఇక గీత పెట్టనులేమ్మా. బ్యాలెన్స్ అని రాస్తాను."

"చదవగలిగేట్టు రాయండి మామయ్యగారూ," అన్నాను.

"అది వేరే సంగతి!"

టైలరమ్మ తెర మీద తన వరుస చూపించమంది. వేలు పెట్టి చూపించాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. "నా కంటి కోసం ఇంతమంది ఇంతసేపు పోట్లాడుకోవడం ఇదే మొదటిసారి," అంది. ఎప్పుడు రావాలని అడిగితే అమ్మడు, "రేపు!" అని ఎంత గట్టిగా అరిచిందంటే, వీధిలో పోయే ఆయనెవరో ఆగి లోపలికి తొంగిచూశాడు.

ఒకటిన్నరకి భోజనానికి వెళ్దామని మేము తాళాలు వెతుక్కుంటుంటే ఇంజనీరు మళ్లీ ఫోన్ చేశాడు. ఏదో తప్పు దొరికిందనుకుని అమ్మడు కంగారుగా అందుకుని స్పీకర్లో పెట్టింది.

"వదినగారికి చెప్పండి," అన్నాడు అతను ఉత్సాహంగా. "కొత్త నియమం ముప్పై దుకాణాలకీ పంపాను. అరగంటలో ఐదు ఆర్డర్లు వచ్చాయి, ఐదూ బ్యాలెన్స్‌వే. ఎలా పంపాలో తెలియక చీటీలు పక్కన పెట్టుకుని కూర్చున్నారట!"

ఫ్రేము ఎంచుకుంటున్న టైలరమ్మ చేతిలోది కింద పెట్టి మరీ ఫోన్ దగ్గరకి వచ్చింది.

"ఐదుగురా?" అంది. "బాబూ, యంత్రంలో ముందు నాది వేయి. నేనే మొదట వచ్చాను."